వదలనిది కరెంటు కాదు... మన చెయ్యే!

కరెంటు తీగ ఆనిన దండెం మీద తడిబట్టలు ఆరేస్తూ షాక్ కొట్టి... ఇలాంటి వార్త వానాకాలం వస్తే చాలు, పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. 'కరెంటు పట్టేసింది' అంటాం గానీ, నిజానికి పట్టుకునేది మన చెయ్యే! నరాలు కండరాలకు పంపే ఆజ్ఞలూ చిన్నపాటి విద్యుత్తే మరి. బయటి నుంచి 10-15 మిల్లీయాంపియర్లు చొరబడితే చాలు, ముంజేతి కండరాలు బిగుసుకుపోతాయి. వేళ్లను తెరిచే కండరాలకంటే ముడిచేవే బలమైనవి కాబట్టి, వదిలేద్దామనుకున్నా పిడికిలి విడదు.

ఛాతీ గుండా 100 మిల్లీయాంపియర్లు వెళితే గుండె లయ తప్పి, రక్తాన్ని పంపలేక వణుకుతుంది. పాతకాలపు 60 వాట్ల బల్బు వాడుకునే కరెంటులో ఇది సగం కూడా కాదు! పొడి చర్మం కరెంటుని బాగానే అడ్డుకుంటుంది. అదే తడిస్తే, ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టులకు ఒంట్లో పారేది 230 మిల్లీయాంపియర్లు.

ఈమాత్రానికి ఇంట్లో ఫ్యూజు పోదు. అది వైర్లను కాపాడటానికి పెట్టింది. మనుషుల కోసం ఉన్నది, 30 మిల్లీయాంపియర్లు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ. ఇన్వర్టరుకి వేలు పోసేవాళ్లు కూడా దీన్ని ఎందుకో పట్టించుకోరు.

ఎవరైనా కరెంటుకి అతుక్కుపోతే ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. మనిషి ఊపిరి తీసుకోకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100-120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి.