నారలో వెలసిన మూర్తులు

శిల్పమనగానే తెలుగువారి మనస్సులో మొదట మెదిలేది రాయి. అమరావతి సున్నపురాతి ఫలకాలు, రామప్ప గుడిలోని నల్లరాతి మదనికలు, లేపాక్షి బసవన్న – ఇవి మన కనులముందు నిలుస్తాయి. ఉలి దెబ్బకు లొంగి రూపం దాల్చిన రాయే శిల్పమన్న భావం మనకు చిన్ననాటి నుండి అలవడినది. కంచు, కొయ్య, మట్టి ఆ తరువాతివి. ఇక నారతాడు శిల్పద్రవ్యం కాగలదని ఊహించేవారెందరు? తాడు ఉట్టి అల్లడానికి, మంచానికి నులక బిగించడానికి, ఎద్దు మూతికి చిక్కం కట్టడానికి పుట్టినది గాని యక్షిని నిలబెట్టడానికి పుట్టినదా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నకు మాటలతో గాక చేతివ్రేళ్ళతో సమాధానం చెప్పిన శిల్పి మృణాళినీ ముఖర్జీ.

ఆమె జీవితకాలపు కృషినంతటినీ ఒకచోట కూర్చి చూపే బృహద్గ్రంథం షానయ్ ఝవేరి సంపాదకత్వాన 2019లో వెలువడినది. పలువురు విమర్శకుల వ్యాసాలు, నాలుగు దశాబ్దాల శిల్పాల ఛాయాచిత్రాలు అందులో చేరాయి. ఒక శిల్పిని గురించి ఇటువంటి గ్రంథం రావడం మన దేశంలో సామాన్య విషయం కాదు. కవి మరణించినా కావ్యం ముద్రణలో ఉంటుంది. గాయకుని కంఠం రికార్డులలో నిలుస్తుంది. శిల్పి చేసిన మూర్తులు మాత్రం ఒకటి ఢిల్లీలో, ఒకటి లండనులో, ఒకటి న్యూయార్కులో చెల్లాచెదురై ఉంటాయి. వాటినన్నిటినీ వరుసగా చూచే భాగ్యం సామాన్య పాఠకునికి పుస్తకం ద్వారానే లభించాలి.

మృణాళిని 1949లో బొంబాయిలో జన్మించారు. తండ్రి వినోదబిహారీ ముఖర్జీ శాంతినికేతనపు మహాచిత్రకారులలో ఒకరు. అచ్చటి హిందీభవనం గోడలపై మధ్యయుగ భక్తకవుల జీవితాలను చిత్రించినవాడాయన. తల్లి లీలా ముఖర్జీ కొయ్యశిల్పాలు చెక్కిన కళాకారిణి. 1950ల నడుమ వినోదబిహారికి చూపు పూర్తిగా పోయినది. అయినా ఆయన కళను విడువలేదు. కాగితాలు కత్తిరించి అతికించి చిత్రాలు కూర్చారు; పెంకుపలకలతో గోడచిత్రం నిర్మించారు. ఆయన అంతర్దృష్టిని గురించి సత్యజిత్ రాయ్ 1972లో ఒక చలనచిత్రమే తీశారు. కన్ను లేనప్పుడు వ్రేలే కన్నవుతుందని ఆ ఇంట పెరిగిన బాలికకు వేరుగా బోధించవలసిన అవసరం లేకపోయినది.

డెహ్రాడూనులోను, శాంతినికేతనంలోను బాల్యం గడిపిన ఆమె వడోదరలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో మొదట చిత్రకళను అభ్యసించారు. తరువాత 1970 నుండి 1972 వరకు కె. జి. సుబ్రహ్మణ్యన్ వద్ద కుడ్యకళ నేర్చారు. ఈ గురుశిష్య సంబంధం గమనింపదగినది. సుబ్రహ్మణ్యన్ శాంతినికేతనంలో వినోదబిహారికి శిష్యుడు. తండ్రి శిష్యుడు కుమార్తెకు గురువైనాడు. పైగా ఆయన కొంతకాలం అఖిలభారత చేనేతమండలిలో పనిచేసి, నేతగాండ్ర నైపుణ్యాన్ని దగ్గరగా చూచినవాడు. చేతిపని వేరు, కళ వేరు అన్న అడ్డుగోడను అంగీకరించనివాడు. బొమ్మలు చేసేవాడు, బుట్టలల్లేవాడు, గోడపై ముగ్గు చిత్రించే ఇల్లాలు – వీరందరి విద్య నుండి చిత్రకారుడు నేర్చుకోవలసినది ఉన్నదని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే మృణాళిని చేతికి తాడును అందించినదనవచ్చు.

ఆమె పద్ధతి వినడానికి సులభం, చేయడానికి కఠినం. ఢిల్లీ బజారులో దొరికే జనపనార తాడును కొని తెచ్చేవారు; దానికి రంగులద్దేవారు. మగ్గం లేదు, సూది లేదు. ఒక ఇనుప చట్రాన్ని ఆధారంగా తీసుకొని, దానిపై ముడి మీద ముడి వేస్తూ పోవడమే పని. ముందుగా గీసుకొన్న నమూనా కూడ ఉండేది కాదు. ముడులు పెరిగిన కొలది రూపం తనంతట తాను మార్గం వెదకుకొనేది. విత్తనం నుండి మొక్క లేచినట్లు మూర్తి లోపలి నుండి వెలుపలికి పెరిగేది. ఒక్కొక్క శిల్పానికి నెలల తరబడి కాలం పట్టేది. వేలకొలది ముడులు చేరి మనిషి ఎత్తును మించిన ఆకారం నిలిచేది.

రాతిశిల్పికి, ఈమెకు గల భేదం ఇక్కడ ఉన్నది. రాతిశిల్పి అనవసరమైనదానిని తొలగిస్తూ పోతాడు. ఈమె అవసరమైనదానిని చేరుస్తూ పోయారు. రాయి తనంత తాను నిలుస్తుంది. తాడు జారిపోయే స్వభావం కలది. దానిని నిలబెట్టడమంటే భూమి ఆకర్షణతో ప్రతి ముడి దగ్గర ఒక ఒప్పందం కుదుర్చుకోవడమే. అందువల్లనే ఈ మూర్తులలో ఒకచోట బిగువు, ఒకచోట వ్రేలాటం, ఒకచోట మడతలు కలిసి జీవకళ ఉట్టిపడుతుంది.

వీటికి ఆమె పెట్టిన పేర్లు మనకు పరిచితమైనవే. 1979లో 'నాగదేవత', 1982లో 'రుద్ర', 'దేవి', 1984లో 'యక్షి', 'బసంతి', 1994లో 'వనశ్రీ' రూపొందాయి. పేర్లు విని ఇవి పూజావిగ్రహాలని భ్రమపడరాదు. శాస్త్రోక్తమైన ముద్రలు, ఆయుధాలు, వాహనాలు వీటికి లేవు. చూచేవానికి ఒకచోట పువ్వు రేకు కనిపిస్తుంది. అదే మరొక కోణం నుండి పెదవి వలె తోస్తుంది. ఇంకొక అడుగు పక్కకు వేస్తే మానుతొర్ర అవుతుంది. తన పురాణం సంప్రదాయానికి కట్టుబడినది కాదని, తన సొంతమని ఆమె స్పష్టంగా చెప్పారు. అయినా గ్రామదేవత గుడిలో చీకటిలో నిలిచిన మూర్తి ముందు కలిగే జంకు వంటిది వీటి ముందు కూడ కలుగుతుంది. దేవతను చెక్కకుండానే దేవతాసన్నిధి భావాన్ని కలిగించడం ఆమె సాధించిన విశేషం.

ఇంతటి కృషికి తగిన స్థానం వెంటనే దొరికినదా? దొరకలేదు. తాడు ముడులంటే అది హస్తకళ, స్త్రీల తీరికపని, గోడకు వ్రేలాడదీసే అలంకారం అన్న తేలికభావం చాలామందిలో ఉండేది. చిత్రకళలో కథాకథనం ముందుకు వచ్చిన కాలమది. 1981లో జరిగిన 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శన దానికి గుర్తు. ఆ కాలంలో మృణాళిని శిల్పాలు ఏ వర్గంలోనూ ఇమడలేదు. అటు నేతకారులు తమదనరు. ఇటు శిల్పులు తమదనరు. విదేశాలలో 1986 నాటి సిడ్నీ ద్వైవార్షిక ప్రదర్శన, 1994లో ఆక్స్‌ఫర్డులోని ఆధునిక కళామ్యూజియం ప్రదర్శన ఆమెకు గుర్తింపు తెచ్చాయి. అయినా ఏ పేరున పిలవాలో తెలియని కళకు పెద్దపీట వేయడానికి లోకం సంకోచిస్తుంది. ద్రవ్యాన్ని బట్టి కళకు కులం నిర్ణయించే ఈ అలవాటు కళకే గాక, చేతితో పనిచేసి బ్రతికే జనులకూ అన్యాయం చేసినది.

ఆమె మాత్రం ఒక ద్రవ్యంతో తృప్తిపడి కూర్చోలేదు. 1996లో నెదర్లాండ్సులోని ఒక మృణ్మయకళా కేంద్రంలో పనిచేసి, కాల్చిన మట్టితో పుష్పాకారాలు రూపొందించారు. ఈ శతాబ్దారంభ సంవత్సరాలలో కంచువైపు మళ్ళారు. మైనంతో రూపం చేసి, దానిపై మట్టిపూత పెట్టి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసే ఈ విధానం మన దేశంలో ప్రాచీనమైనది. మన పూర్వులు దీనిని మధూచ్ఛిష్ట విధానమన్నారు. చోళుల నటరాజమూర్తులు పుట్టినది ఈ మార్గాననే. తాటిమట్టలను, విచ్చుకొనే ఆకులను తలపించే ఆమె కంచుశిల్పాలు ఆ పాతవిద్యకు కొత్త చిగురు తొడిగాయి. నార మెత్తన, మట్టి పెళుసు, కంచు గట్టి. మూడింటిలోనూ ఆమె వెదకినది ఒక్కటే – పెరిగే ప్రాణి ఆకృతి.

2015 జనవరిలో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరంలో ఆమె జీవితకృషి ప్రదర్శన ప్రారంభమైనది. కొద్ది దినాలకే, ఫిబ్రవరిలో, ఆమె కన్నుమూశారు. 2019లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంవారు మెట్ బ్రాయర్ భవనంలో ఆమె శిల్పాలతో పెద్ద ప్రదర్శన జరిపారు. దాని నిర్వాహకుడు గ్రంథసంపాదకుడైన ఝవేరియే. 2022లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో కూడ ఆమె మూర్తులు నిలిచాయి. ఇవన్నీ చూచి సంతోషించడానికి ఆమె లేరు. ఈ మాట చెప్పుకొనేటప్పుడు మనస్సు కొంత కలుక్కుమంటుంది.

అయితే ఒక గ్రంథం శిల్పానికి ప్రత్యామ్నాయం కాగలదా? కాలేదు. శిల్పం చుట్టూ తిరిగి చూడవలసిన వస్తువు. ఛాయాచిత్రం దానిని ఒకేవైపు నుండి చూపుతుంది. మనిషిని మించిన ఎత్తు పుటలో జానెడవుతుంది. నార వాసన, నీడల లోతు కాగితంపైకి రావు. కాని మరొక సంగతి ఆలోచించాలి. నార రాయి కాదు. వెలుతురుకు దాని రంగు వెలుస్తుంది, దుమ్ము ముడులలో చేరుతుంది, పురుగు తింటుంది. ఎంత జాగ్రత్తపడినా ఈ మూర్తుల ఆయుర్దాయం అమరావతి ఫలకాలంత కాదు. రేపటి విద్యార్థికి వీటి నేటి రూపం తెలియాలంటే గ్రంథమే సాక్షి. పైగా నార, మట్టి, కంచు ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు గాని వాటి వెనుక నడిచిన ఏకాగ్రబుద్ధి బోధపడదు. ఆ పని గ్రంథమే చేయగలదు.

మన ప్రాంతపు శిల్పులకు కూడ ఇటువంటి గ్రంథాలు తెలుగులో రావాలి. సూర్యాపేటలో పుట్టి, అదే వడోదరలో చదివి, విశాఖపట్టణంలో శిల్పాచార్యులుగా పనిచేసిన జి. రవీందర్ రెడ్డి తీర్చిన బృహత్ స్త్రీముఖాలు – బంగారుపూతతో, విప్పారిన కళ్ళతో, జడకొప్పులో పూలతో – లోకమంతటా ప్రసిద్ధమైనవి. మన పిల్లలలో ఎందరు ఆయన పేరు విన్నారో ఉపాధ్యాయులే చెప్పగలరు.

ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులకు ఒక మనవి. చిత్రలేఖనపు గంటలో పిల్లలచేత గులాబీపువ్వును చూచి గీయించడం మంచిదే. దానితోపాటు ఒక్కనాడు ఒక్కొక్కరి చేతికి మూరెడు తాడు ఇచ్చి, ముడులతో ఏదైనా ఒక ఆకారం నిలబెట్టమని చెప్పండి. చాలామందికి అది కూలిపోతుంది. ఉట్టి అల్లిన తాతమ్మ ఎంత నేర్పరియో, నులక బిగించే చేతులలో ఎంత విద్య ఉన్నదో అప్పుడు వారికి తెలుస్తుంది. అది తెలిసిన పిల్లవాడు మృణాళిని శిల్పాల చిత్రాన్ని చూస్తే, వేరుగా వ్యాఖ్యానం అక్కరలేకుండానే దాని ముందు కొంతసేపు ఆగుతాడు.