కురుడుమలె చవితియాత్ర

భాద్రపద శుద్ధ చవితినాడు మన నగరగృహములందు మట్టివినాయకుని బూజించి, పిదప నీట గలుపుదుము. కోలారు మండలమున ముళబాగిలు తాలూకాలోని కురుడుమలెకు బోయినవారికి నిమజ్జన మెఱుగని వినాయకుడు దర్శన మిచ్చును. ఏకశిలయందు మలచిన యా మూర్తి పదుమూడడుగులకు మించిన యెత్తు గలది. ఎంతటివాడైనను తల యెత్తియే స్వామి ముఖమును జూడవలెను.

బెంగుళూరునుండి తూర్పుగా సుమారు 100 కిలోమీటర్లు పయనించినచో ముళబాగిలు వచ్చును. ఆ పేరునకు తూర్పువాకిలి యని యర్థము. వాకిలి దాటిన చిత్తూరు సీమయే. ముళబాగిలునుండి కురుడుమలె సుమారు పది కిలోమీటర్లు. త్రిపురాసురసంహారమునకు ముందు త్రిమూర్తు లీ గణపతిని బ్రతిష్ఠించిరనియు, శ్రీకృష్ణదేవరాయలు ఆలయము గట్టించెననియు స్థలపురాణము. సమీపమున సోమేశ్వరాలయము కలదు. అది చోళశైలిలోని ప్రాచీననిర్మాణము. జకణాచారి, ఆయన కుమారుడు డంకణాచారి దానిని చెక్కిరని జనులు చెప్పుకొందురు. యాత్రికుడు రెండింటిని జూడక మరలరాదు.

చవితి పర్వసందర్భమున నిచట రథోత్సవము జరుగును. చుట్టుపట్ల పల్లెలవారేగాక చిత్తూరు సీమవారును వత్తురు. ఆ సందడిలో నొకింత చెవి యొగ్గి వినుడు. బిడ్డను బిలుచు తల్లి మాట తెలుగు. కొబ్బరికాయ బేరము తెలుగు. ఆలయమున వ్రాసిన పలక మాత్రము కన్నడము. ఈ తాలూకాలో బెక్కిండ్ల తెలుగే మాటలాడుదురు. బడిచదువు, కచేరి వ్యవహారము కన్నడమున సాగును. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడును, 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకృతములైనప్పుడును కోలారు మైసూరు రాష్ట్రముననే నిలిచెను. గీత మాఱలేదు, నాలుకయు మాఱలేదు.

కార్యారంభమున నీ స్వామిని మ్రొక్కుట రాజకీయనాయకులకును వాడుకయైనది. 1999లో ఎస్. ఎం. కృష్ణ తన యెన్నికల యాత్రను కురుడుమలెనుండియే యారంభించి, పిదప కర్ణాటక ముఖ్యమంత్రి యయ్యెను. నాయకులు విఘ్నములు దొలగుటకై వత్తురు. రాజధానిలో నుద్యోగములు చేయు తెలుగు విద్యావంతులు మఱియొక ప్రయోజనమునకై గూడ రావలెను.

ఇచట రెండు భాషలు పోరులేక యొకే తేరును లాగుచున్నవి. ఇది మెచ్చదగినదే. ఐనను లిపి నేర్వని భాష తల్లినోట బిడ్డ నేర్చినంతకాలమే నిలుచును. ఒక తరము విడిచెనా, దానిని దెలుపుటకు కాగితమైనను మిగులదు. ఇది సరిహద్దులు మార్చి తీర్చవలసిన లోపము గాదు. చవితికి బోవువారు పూలు, పండ్లతోబాటు తెలుగు అక్షరమాల పుస్తకములు నాలుగు గొనిపోయి, అచటి పిల్లల చేత బెట్టుడు. విద్యలకు మొదటి దేవర సన్నిధిలో అంతకు మించిన నైవేద్యము వేఱొండు లేదు.