శీతలదేశములకు బోవువారి పెట్టె

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములవారమగు మనకు చలి యనగా నేమో తెలియునని యొక నమ్మకము గలదు. సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైబడిన మెట్టనేల మనది. మొగిలి కనుమ దిగి చిత్తూరు చేరినవారు ఆ భేదమును వెంటనే గ్రహింతురు. మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున కంబళి కప్పుకొననివారు మనలో నరుదు. అయినను విదేశములకు చదువబోవు మన బాలబాలికల పెట్టెలలో గానవచ్చు పొరపాట్లకు ఈ నమ్మకమే మూలమని మా యభిప్రాయము. మన చలిలో నీరు గడ్డకట్టదు. కెనడాలోను, అమెరికా యుత్తరభాగమునను చలికాలమందు సున్నకు దిగువ 20 డిగ్రీలు వింత గాదు.

మరియొక భేదము గలదు. మన యిండ్లలో వెలుపల నెంత చలియో లోపలను దాదాపుగా నంతే. కావున ఉదయమున తొడిగిన స్వెట్టరును ఎండ యెక్కువరకు విప్పము. అచ్చటనో, వీధిలో మంచు గురియుచుండగా తరగతిగది యంత్రములచే వెచ్చగా నుండును. నూలుచొక్కాపై దళసరి స్వెట్టరు నొక్కదానినే వేసికొన్న విద్యార్థికి లోపల చెమటపట్టును. ఆ తడితోడనే యతడు వీధిలోనికి పోవును. నూలుబట్ట చెమటను పీల్చి పట్టుకొనును. తడిబట్ట దేహపు వేడిమిని వేగముగా హరించును. పొరల నడుమ కదలక నిలిచిన గాలియే మనలను వెచ్చగా నుంచును. కావున పలుచని ఉన్ని లోచొక్కా, దానిపై మరియొక వస్త్రము, అన్నిటిపైన గాలిని ఆపు కోటు, ఈ విధముగా ఒక్కొక్కటే విప్పుటకు వీలైన దుస్తులు వలయును.

వస్తువు చేతనున్నను దాని వాడుక తెలియవలెను గదా! గణితశాస్త్రజ్ఞుడగు శ్రీనివాస రామానుజన్ 1914లో మద్రాసునుండి కేంబ్రిడ్జి చేరెను. రాత్రులు చలిగా నుండుటచే ఓవరుకోటు తొడిగి, శాలువ చుట్టుకొని పరుండుచున్నానని యతడు చెప్పగా, మిత్రుడగు ప్రశాంతచంద్ర మహలనోబిస్ గదిలోనికి పోయి చూచెను. మంచముపై కంబళ్ళు కావలసినన్ని యుండెను. అయితే వాని యంచులు పరుపుక్రింద దోపబడి, పైన దుప్పటి పరువబడి యుండుటచే, వానిని తొలగించి లోపల దూరవలెనని రామానుజనునకు తెలియదయ్యెను! అంతటి మేధావికే చెప్పువారు కావలసివచ్చిరి.

గాంధీగారి యనుభవము వేరు. 1888 సెప్టెంబరు మాసాంతమున ఇంగ్లండులో నోడ దిగునపుడు, అందుకొరకే దాచుకొన్న తెల్లని ఫ్లానెలు దుస్తులను ఆయన ధరించెను. అట్టివి ధరించినవారు మరెవ్వరును కానరారైరి. మార్చుకొందమన్నను సామానులు, తాళపుచెవులుకూడ ఏజెంటు కప్పగింపబడినవి, మరునాడు ఆదివారము. నేడు మనవారు బెంగుళూరున విమానమెక్కి ఒకటిరెండు దినములలో చేరుచున్నను, పెద్దపెట్టెలు వెనుకబడుట యిప్పటికిని గలదు. ఒక వెచ్చని వస్త్రము, మేజోళ్ళు, కళ్ళజోడు, వైద్యుని చీటీతో మందులు, కళాశాల కాగితములు చేతిసంచిలోనే యుండవలెను.

తల్లిదండ్రులకు విన్నపము. విమానమున పెట్టె యొక్కింటికి 23 కిలోలే సామాన్యమైన మితి. కంబళియు బొంతయు అందులో నెంత స్థలమును మ్రింగునో చూడుడు. ఆవకాయను మేము నిషేధింపము (నిషేధించినను వినువా రెవరు?), కాని దానిని గట్టిగా మూసి బట్టలకు దూరముగా నుంచుడు, తినుబండారముల నన్నిటిని దిగినచోట అధికారులకు చెప్పవలెను. బెంగుళూరు అంగళ్ళలో కోటు కొనవలదు. అది ఉదకమండలమునకు చాలును గాని హిమపాతమునకు చాలదు. టమాటా పైరుమీద వచ్చిన సొమ్ము, వడ్డీకి తెచ్చిన సొమ్ము ఇట్లు రెండుమారులు ఖర్చగుట మాకు బాధాకరము. ఆ రూకలను బిడ్డచేతి కిచ్చి పంపుడు. అచ్చటి పాతబట్టల యంగళ్ళలో మంచి కోట్లు చౌకగా దొరకును. ఆగస్టులో చేరినవారు అప్పటి యెండను చూచి ఆలస్యము చేయరాదు. అక్టోబరు లోపుగా కొనుట మేలు.

పాదరక్షల విషయమున అశ్రద్ధ అపాయకరము. గుడ్డబూట్లు మంచులో తడియును. ఇరుకుబూట్లు రక్తప్రసారము నడ్డగించును. మందపు మేజోళ్ళతో వ్రేళ్ళు కదలునంత వదులుండవలెను. వ్రేలు తిమ్మిరెక్కి పాలిపోయినచో రుద్దవలదు, నిప్పుచెంత పెట్టవలదు. లోపలికి పోయి గోరువెచ్చని నీటిలో నుంచి వైద్యునికి చూపవలెను.