సంశయ లాభం ఎవరికి?

మహారాష్ట్రకు చెందిన ఆరుగురు నిరుపేద కూలీలకు 2009 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మరణశిక్ష ఖరారు చేసింది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఆ ఆరుగురూ నిర్దోషులని ప్రకటించింది. ఈ పదేళ్ల నడుమ కొత్త సాక్షి ఎవరూ ముందుకు రాలేదు. తామే హంతకులమని వేరెవరూ ఒప్పుకోలేదు. అంకుశ్ మారుతి షిండే కేసుగా న్యాయ గ్రంథాలకెక్కిన ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు నన్ను వేధించిన ప్రశ్న ఒక్కటే: 2019లో అంత స్పష్టంగా కనిపించిన అనుమానం అంతకుముందు మూడు న్యాయస్థానాలకు ఎందుకు కనిపించలేదు?

నేరం ఘోరమైనది. 2003 జూన్ 5 రాత్రి నాశిక్ ప్రాంతంలో ఒక తోటలోని గుడిసెపై దుండగులు దాడి చేశారు. అత్యాచారానికి ఒడిగట్టారు. ఐదుగురిని చంపారు. తీవ్రంగా గాయపడిన తల్లి, ఒక కుమారుడు బతికారు. రెండు రోజులకే, జూన్ 7న, పోలీసులు తమ దగ్గరున్న పాత నేరస్థుల ఫొటోలను ఆ తల్లికి చూపించారు. ఆమె నలుగురిని గుర్తించింది. ఆమె వాంగ్మూలాన్ని ప్రత్యేక కార్యనిర్వాహక మేజిస్ట్రేటు నమోదు చేశారు. ఆ నలుగురిలో ఏ ఒక్కరిపైనా విచారణ జరగలేదు. తర్వాత బోనులో నిలబడిన ఆరుగురు వేరే మనుషులు, సంచార జాతివారు.

ఆ తల్లిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కళ్లెదుటే కుటుంబాన్ని కోల్పోయిన మనిషి జ్ఞాపకం మీద ఎంత భారం మోపవచ్చో న్యాయస్థానాలే ఆలోచించుకోవాలి. ఆమె ఫొటోల్లో గుర్తించిన నలుగురూ దోషులేనని చెప్పడానికీ ఆధారం లేదు. పోలీసు ఆల్బములలోకి ఎవరి ముఖాలు ఎక్కుతాయన్నది వేరే చర్చ. 2024 మేలో సుప్రీంకోర్టే, విముక్త జాతులవారి పేర్లు కేవలం కులం కారణంగా పోలీసు రికార్డుల్లోకి చేరుతున్న తీరుపై ఆందోళన వ్యక్తం చేసింది. నేనడుగుతున్నది చిన్న విషయం. ఆమె మొదట ఒకరిని గుర్తించి, తర్వాత మరొకరిని చూపినప్పుడు, ఆ తేడా నిందితులకు మేలు చేయాలి. నేర న్యాయంలో దీనినే సంశయ లాభం అంటారు. ఆ తేడాను న్యాయస్థానం ఎదుట నిజాయితీగా ఉంచవలసిన ప్రాసిక్యూషన్ ఆ పని చేయలేదని 2019 తీర్పు తప్పుబట్టింది.

అదే తీర్పు మరో మాట అంది. నిందితులు సంచార జాతికి చెందినవారు, సమాజంలో అట్టడుగు వర్గాలవారు, కడుపేద కూలీలు కనుక వారిని అన్యాయంగా ఇరికించి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమన్నది. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో అత్యంత విలువైన వాక్యం అదే. అయితే వారి కులమూ పేదరికమూ 2006లో నాశిక్ న్యాయస్థానానికీ, 2007లో బొంబాయి హైకోర్టుకూ తెలియనివి కావు. తెలిసినా వాటిని అనుమానించడానికి కారణంగా ఎవరూ తీసుకోలేదు. ఊరూరా తిరిగే జాతి అనగానే నేరం చేసి ఉంటారన్న నమ్మకం ముందే సిద్ధంగా ఉంటుంది.

ఆ నమ్మకానికి చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలకులు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా మార్చింది. ఎరుకల కుటుంబాలను నిఘాలో ఉంచడానికి ఏర్పరచిన స్టువర్టుపురం పేరు తెలుగువారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మన సినిమాలు ఆ పేరుతో చేసుకున్న వ్యాపారమూ తెలిసిందే. చట్టం 1952లో రద్దయింది. దాని భాష మాత్రం జైలు మాన్యువళ్లలో కొనసాగింది. ఖైదీలకు కులాన్ని బట్టి పనులు పంచే ఆ నియమాలను కొట్టివేయడానికి 2024 అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది.

చివరికి న్యాయం జరిగింది కదా, వ్యవస్థ తన తప్పును తానే దిద్దుకుంది కదా అని కొందరు మిత్రులు అంటారు. ఎలా దిద్దుకుందో చూడండి. హైకోర్టు ఈ ఆరుగురిలో ముగ్గురికి మరణశిక్షను యావజ్జీవంగా తగ్గించింది. దాన్ని మళ్లీ ఉరిగా పెంచాలని ప్రభుత్వం పట్టుబట్టి సుప్రీంకోర్టులో నెగ్గింది. మరణశిక్ష కేసుల్లో రివ్యూ పిటిషన్లను బహిరంగ న్యాయస్థానంలో వాదనలు వినే తేల్చాలని 2014లో రాజ్యాంగ ధర్మాసనం నిర్దేశించింది. ఆ తీర్పు వల్లనే ఒకసారి మూసుకుపోయిన ఈ కేసు 2018లో తిరిగి తెరుచుకుంది. యావజ్జీవ ఖైదీలకు ఆ హక్కు లేదు. అంటే, ఆ ముగ్గురికి హైకోర్టు చూపిన దయ అలాగే నిలిచి ఉంటే, వారి పేరు మీద ఆ తలుపు తెరుచుకునేది కాదు. ఉరితాడు మెడకు పడటం వల్ల బతికారు! దీనిని వ్యవస్థ స్వయం దిద్దుబాటు అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఉరిశిక్ష పడనందువల్లే ఎవరూ తిరిగి చదవని ఫైళ్లు ఎన్ని ఉన్నాయో ఊహించడానికే భయమేస్తుంది.

ఆరుగురిలో ఒకరికి నేరం జరిగిన నాటికి పద్దెనిమిదేళ్లు నిండలేదని ఆలస్యంగా తేలింది. బాల నేరస్థుల చట్టం కింద ఉరి వేయడానికే వీల్లేని పిల్లవాడి వయసును కూడా మూడు న్యాయస్థానాల్లో ఎవరూ సరిగా పట్టించుకోలేదు. సమర్థుడైన న్యాయవాదిని పెట్టుకోగల కుటుంబంలో ఇలా జరుగుతుందా? ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మరణశిక్ష పడిన ఖైదీల్లో దాదాపు 76 శాతం మంది వెనుకబడిన తరగతులు, దళిత, ఆదివాసీ, మతపరమైన మైనారిటీ వర్గాలవారు. నాలుగింట మూడు వంతుల మంది ఆర్థికంగా బలహీనులు.

పొరుగు రాష్ట్రం సంగతి మనకెందుకు అనుకోనక్కరలేదు. విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఆ కేసులో ఒక దళిత యువకుడికి 2010లో జీవిత ఖైదు పడింది. అతడే హంతకుడన్న పోలీసుల కథనాన్ని హతురాలి తల్లిదండ్రులే మొదటి నుంచీ నమ్మలేదు. 2017 మార్చి 31న హైకోర్టు అతడిని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచింది, ఆరోగ్యం దెబ్బతింది. చెల్లించమన్న పరిహారం లక్ష రూపాయలు.

మహారాష్ట్ర కేసులో ఒక్కొక్కరికి ఐదు లక్షలు ఇవ్వాలని, బాధ్యులైన పోలీసు అధికారులను గుర్తించి శాఖాపరమైన చర్యలు తీసుకోవాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండు చోట్లా పరిహారం న్యాయమూర్తుల విచక్షణ మీదే ఆధారపడింది. అక్రమ ప్రాసిక్యూషన్ బాధితులకు పరిహారాన్ని చట్టబద్ధ హక్కుగా చేయాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. 2023లో నేర చట్టాలన్నింటినీ తిరగరాసినప్పుడు కూడా ఆ సిఫార్సుకు చోటు దొరకలేదు.

నాశిక్ తోటలో హతమైన ఐదుగురూ పేదలే. పదహారేళ్ల తర్వాత ఆరుగురు కూలీలు ఇళ్లకు చేరేసరికి, ఆ తల్లి 2003 జూన్ 7న చేయిపెట్టి చూపిన నలుగురినీ ఏ న్యాయస్థానమూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.