వ్యవసాయ కట్టడాల చుట్టూ గాలి ప్రవాహం: కంప్యూటర్ అనుకరణ, ఉపయోగాలు, పరిమితులు

పాలీహౌస్, షేడ్‌నెట్, కోళ్ల షెడ్డు, పశువుల పాక మొదలైనవి తక్కువ బరువుతో, తక్కువ ఎత్తులో, ఆరుబయట నిర్మించే కట్టడాలు. వీటికి గాలితో రెండు విధాల సంబంధం ఉంది. వేసవిలో గాలి తగినంతగా లోపలికి రాకపోతే పైరు వడలిపోతుంది. చెమట గ్రంథులు లేని కోళ్లు వేడిమికి తాళలేక చనిపోతాయి. తుపాను వేళ అదే గాలి కప్పును పెకలించుకుపోతుంది. వేసవిలో ప్రాణాధారమైన పక్క పరదా తుపానులో బలహీన స్థానమవుతుంది. రైతు అప్పు తెచ్చి కట్టుకున్న నిర్మాణంలో ఈ రెండు అవసరాలకూ పొత్తు కుదరాలంటే, గాలి నడక ఎలా ఉంటుందో కట్టకముందే తెలియాలి. ఇందుకు ఉపకరించే సాధనమే సి.ఎఫ్.డి. అని వ్యవహరించే గణన ప్రవాహి గతిశాస్త్రం. పరిశోధన పత్రాలలోనూ, నిర్మాణ ప్రతిపాదనలలోనూ దీని రంగుల చిత్రాలు నేడు తరచుగా కనిపిస్తున్నాయి. అయితే వాటి విలువ రంగులలో లేదు. గణనకు అందించిన క్షేత్ర సమాచారంలోనూ, ఫలితాన్ని సరిచూసిన కొలతలలోనూ ఉంది.

గణన విధానం

గాలి కదలికను వర్ణించే సమీకరణాలు కొత్తవి కావు. ఫ్రాన్సు దేశీయుడైన నేవియర్ 1822లోనూ, కేంబ్రిడ్జిలో పనిచేసిన స్టోక్స్ 1845లోనూ వీటిని ప్రతిపాదించారు. ద్రవ్యవేగ నియమాన్ని స్నిగ్ధత గల ప్రవాహికి అన్వయించడం వీటి సారాంశం. ఒక షెడ్డు చుట్టూ వీచే గాలికి ఈ సమీకరణాలను కాగితంపై సాధించడం సాధ్యం కాదు. అందువల్ల కట్టడాన్నీ, దాని పరిసరాల గాలినీ కలిపి ఒక పెద్ద పెట్టెగా భావించి, ఆ పెట్టెను లక్షలాది చిన్న గడులుగా విభజిస్తారు. ప్రతి గడిలోకి వచ్చే గాలి, వెలుపలికి పోయే గాలి, అక్కడి పీడనం పక్క గడులతో పొంతన కుదిరే వరకు కంప్యూటరు లెక్కను పదేపదే చేస్తుంది.

పెట్టె పరిమాణం చిన్నదైతే గాలి కృత్రిమంగా ఇరుకులో పడి, వేగం లేనిపోని విధంగా పెరుగుతుంది. కట్టడం ఎత్తుకు ముందువైపు, ఇరుపక్కల, పైభాగాన కనీసం 5 రెట్లు, వెనుకవైపు 15 రెట్లు దూరం ఉంచాలని ఐరోపాలో 2007లో వెలువడిన మార్గదర్శకాలు సూచిస్తాయి. అంటే 4 మీటర్ల ఎత్తు గల షెడ్డుకు ముందువైపు 20 మీటర్లు, వెనుక 60 మీటర్ల వరకు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. గోడలు, కప్పు అంచుల దగ్గర గడులు చిన్నవిగా ఉండాలి. గడుల సంఖ్యను మరింత పెంచినా ఫలితం చెప్పుకోదగినంతగా మారనప్పుడే ఆ విభజన సరిపోయిందని భావించాలి.

సంక్షుబ్ధత అనే చిక్కు

4 మీటర్ల ఎత్తు గల షెడ్డుపై సెకనుకు 3 మీటర్ల సాధారణ గాలి వీచినప్పుడు కూడా రెనాల్డ్స్ సంఖ్య 7 లక్షలు దాటుతుంది. అటువంటి ప్రవాహం సంక్షుబ్ధంగా, అనేక పరిమాణాల సుడులతో ఉంటుంది. ప్రతి సుడినీ లెక్కించడానికి ఏ కంప్యూటరూ చాలదు. అందుకే సుడుల సగటు ప్రభావాన్ని మాత్రమే అంచనా వేసే నమూనాలు వాడతారు. లాండర్, స్పాల్డింగ్ 1974లో ప్రచురించిన కె-ఎప్సిలాన్ నమూనా వీటిలో బహుళ ప్రచారం పొందింది. ఇది సాధారణ కంప్యూటరుపైనా త్వరగా ఫలితమిస్తుంది.

ఈ నమూనాకు ఒక ప్రసిద్ధ లోపం ఉంది. గాలి గోడను ఢీకొనే చోట సంక్షుబ్ధతను ఇది వాస్తవం కంటే ఎక్కువగా చూపుతుంది. దాని ఫలితంగా, కప్పు అంచు వద్ద గాలి ఉపరితలం నుంచి విడిపోయి ఏర్పడే సుడిని సరిగా పట్టుకోలేదు. కప్పును పైకి లాగే చూషణ బలం తీవ్రంగా ఉండేది సరిగ్గా ఆ అంచుల వద్దనే. పెద్ద సుడులను నేరుగా లెక్కించే విధానానికి స్మగోరిన్‌స్కీ 1963లోనే పునాది వేశారు. అది మేలైన ఫలితమిచ్చినా గణన వ్యయం అనేక రెట్లు అధికం. కాబట్టి షెడ్డు లోపలి సగటు గాలిమార్పిడిని తెలుసుకోవడానికి చాలిన నమూనా, కప్పు మూలల బిగింపులను నిర్ణయించడానికి చాలకపోవచ్చు.

కొలతతో సరిచూడటం

గణన ఫలితాన్ని సరిచూడటానికి పూర్తి పరిమాణపు కట్టడాలపై కొలతలు అవసరం. ఇంగ్లండులోని సిల్సో వ్యవసాయ ఇంజనీరింగ్ పరిశోధన క్షేత్రంలో 6 మీటర్ల భుజం గల ఘనాకార కట్టడాన్ని ఆరుబయట నిలిపి, దానిపై గాలి పీడనాలను నమోదు చేశారు. అమెరికాలో టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం లబ్బక్ వద్ద అవసరమైన దిశకు తిప్పగలిగే ప్రయోగ భవనాన్ని నిర్మించింది. ఈ రెండింటి కొలతలు నేటికీ గణన నమూనాలకు గీటురాళ్లుగా ఉన్నాయి. గ్రీన్‌హౌస్ గాలిమార్పిడికి ఈ గణనను అన్వయించిన తొలి ప్రయత్నాలలో ఒకటి 1989లో జపాన్ పరిశోధకులు చేసినది. వారు కూడా తమ ఫలితాలను విండ్ టన్నెల్ కొలతలతో పోల్చి చూశారు.

గాలిమార్పిడి: వల, పైరు, వేడిమి

పాలీహౌస్‌లో తెల్లదోమ రాకుండా కట్టే కీటక నిరోధక వల గాలికి కూడా అడ్డమవుతుంది. ఒక్కొక్క రంధ్రాన్నీ గణనలో చూపడం అసాధ్యం కనుక, వలను గాలిని నిరోధించే పలుచని పొరగా భావించి, దాని నిరోధ గుణకాన్ని ఇస్తారు. దట్టంగా పెరిగిన టమాట, కాప్సికం వరుసలను కూడా ఇదే విధంగా పరిగణిస్తారు. ఖాళీ పాలీహౌస్‌కు చేసిన గణన పైరు నిండుగా ఉన్న పాలీహౌస్‌కు వర్తించదు. కొత్త వలకు తీసుకున్న గుణకం దుమ్ము పట్టిన వలకు సరిపోదు.

గాలి వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు మించినప్పుడు గాలిమార్పిడిని ప్రధానంగా గాలియే నిర్ణయిస్తుంది. గాలి స్తంభించిన మిట్టమధ్యాహ్నం లోపలి వేడి గాలి తేలికై పైకి లేచి, కప్పు కిటికీల గుండా పోవడమే ఆధారం. రైతుకు నష్టం వాటిల్లేది ఇటువంటి గంటలలోనే. కనుక వేడిమి సమీకరణాన్ని విడిచి, గాలి వేగాన్ని మాత్రమే లెక్కించిన అనుకరణ వేసవి ప్రశ్నకు సమాధానం కాజాలదు.

తుపాను భారం

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను గాలి భారం ఎంతటిదో కోస్తా రైతులకు చవిచూపింది. గాలి భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు మూల వేగంగా నిర్దేశిస్తుంది. సవరణ గుణకాలన్నీ 1గా తీసుకుంటే, 50 మీటర్ల వేగానికి పీడనం చదరపు మీటరుకు 1500 న్యూటన్లు.

కప్పుపై బయటి చూషణ గుణకం 0.9 అనుకుందాం. తెరుపులు గోడ వైశాల్యంలో 5 శాతం లోపు ఉంటే, ప్రమాణం ప్రకారం లోపలి గుణకం 0.2. కప్పును పైకి ఎత్తే బలం 1650 న్యూటన్లు. తెరుపులు 20 శాతం మించితే లోపలి గుణకం 0.7 అవుతుంది. అప్పుడు బలం 2400 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు సుమారు 245 కిలోల బరువుకు సమానం. గాలికి ఎదురుగా ఉన్న ఒక్క పరదా చిరిగినా మొదటి స్థితి రెండవ స్థితిగా మారవచ్చు. వెనుక పరదా తెరిస్తే లోపలి పీడనం తగ్గుతుందన్నది నిజమే. అయితే తుపాను కేంద్రం దాటగానే గాలి దిశ మారిపోతుంది కనుక ఆ ఉపాయంపై ఆధారపడరాదు. అన్ని దిశల పరదాలకూ గట్టి బిగింపు అవసరం. ఏ దిశ గాలికి ఏ మూల అధిక చూషణకు లోనవుతుందో గణన చూపగలదు. తుది రూపకల్పనకు మాత్రం ప్రమాణమే ఆధారం.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ఓపెన్‌ఫోమ్ వంటి సాఫ్ట్‌వేర్ 2004 నుంచి ఉచితంగా లభిస్తున్నందున గణన అందుబాటులోకి వచ్చింది. కొరత క్షేత్ర సమాచారానికే. వ్యవసాయ వాతావరణ కేంద్రాలలో గాలి వేగాన్ని సాధారణంగా 3 మీటర్ల ఎత్తున కొలుస్తారు. గణనలో 10 మీటర్ల ఎత్తు వేగాన్ని అడుగుతారు. బయలు నేలపై 10 మీటర్ల వద్ద వేగం 4 మీటర్లయితే 3 మీటర్ల వద్ద సుమారు 3.4 ఉంటుంది. ఈ 3.4ను పొరపాటున 10 మీటర్ల విలువగా ఇస్తే, గాలి వల్ల జరిగే గాలిమార్పిడి సుమారు 15 శాతం, పీడనం సుమారు 28 శాతం తక్కువగా తేలుతాయి. కొలత ఎత్తును నమోదు చేయకపోవడం చిన్న లోపం కాదు.

అదే విధంగా పక్కనున్న సరుగుడు తోపు, గడ్డివాము, పొరుగు షెడ్డు ఎంత ఎత్తులో, ఎంత దూరంలో, ఏ దిశలో ఉన్నాయో కొలిచి తెలపాలి. కోళ్లు, మొక్కలు ఉండే ఎత్తున ఉష్ణోగ్రత, గాలి వేగం నమోదు చేయాలి. అగరువత్తి పొగతో గాలి దిశను పరిశీలించినా గణన చూపిన ప్రవాహ రేఖలు నిజమో కాదో కొంతవరకు తెలుస్తుంది.

ఏదైనా అనుకరణ నివేదికను స్వీకరించే ముందు విద్యార్థులు, శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలు వేయాలి. పెట్టె పరిమాణమెంత? గడులు మార్చి చూశారా? ఏ సంక్షుబ్ధత నమూనా వాడారు, ఎందుకు? వల, పైరు, వేడిమి లెక్కలో ఉన్నాయా? ఫలితాన్ని ఏ కొలతతో పోల్చారు? వీటికి సమాధానం లభించిన అనుకరణ, కట్టడం నిర్మించకముందే దాని లోపాలను చూపి రైతును నష్టం నుంచి కాపాడగలదు. సమాధానం లేని అనుకరణ ఆధారంగా రైతుకు సిఫారసు చేయడం తగదు.