జెండా స్తంభం ఎత్తెంత?

"నాన్నా, నేను మ్యాథ్ పర్సన్‌ని కాదు, నన్ను వదిలెయ్" అంటూ ఓ రాత్రి మా అమ్మాయి పుస్తకం మూసేసి వెళ్ళిపోయింది. అప్పుడు తను పదో గ్రేడులో ఉంది. ఇంటర్లో ఎం.పి.సి. చదివి, ఇంజనీరింగ్ చేసి, ఇక్కడికొచ్చి కంప్యూటర్ల ముందు కూర్చున్న మనలాంటి వాళ్ళకి ఇలాంటి మాట వింటే ముందుగా వచ్చేది కోపమే. నాకూ వచ్చింది. "మా రోజుల్లో..." అని మొదలుపెట్టి అరగంట క్లాసు పీకాను. ఫలితం మీరు ఊహించగలరు. వారం రోజులు నా దగ్గర లెక్కల ఊసే ఎత్తలేదు.

నిజానికి ఆ రాత్రి తను అడిగింది చాలా మంచి ప్రశ్న. "టాన్ 40 డిగ్రీలు 0.839 అని కాలిక్యులేటర్ చెబుతోంది. అంటే ఏమిటి?" అంది. ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే వచ్చేది అన్నాను. "అది నాకూ తెలుసు. అంటే ఏమిటి?" అంది మళ్ళీ. నా దగ్గర జవాబు లేదు. అందుకే కోపం వచ్చిందని తర్వాత తీరిగ్గా అర్థమైంది.

పదో తరగతి తెలుగు మీడియంలో ఊర్ధ్వకోణాలు, నిమ్నకోణాలు, గోపురాలు, దీపస్తంభాలు, పడవలు అంటూ ఎన్ని లెక్కలు చేశానో! మా హైస్కూలు ఎదురుగానే పెద్ద నీళ్ళ ట్యాంకు ఉండేది. దాని ఎత్తెంతో కొలుద్దామని మా మాస్టారికీ తోచలేదు, నాకూ తోచలేదు. మార్కులు మాత్రం నూటికి తొంభై ఎనిమిది!

మా సంఘం పిల్లలకి ఆదివారం తెలుగు బడి జరిగే లైబ్రరీ ముందు ఒక జెండా స్తంభం ఉంది. పిల్లలతో దాని ఎత్తు కొలిపిద్దామనుకున్నాను. కావలసిన సామాను ఏమంత లేదు. ఒక ప్రొట్రాక్టర్, అదే మన కోణమానిని, దాని తిన్నని అంచుకి టేపుతో అంటించిన స్ట్రా, మధ్య బిందువు నుంచి వేలాడే దారం, దారం చివర బరువుకి ఒక ఇనప వాషర్. వంపు కిందికి ఉండేలా పట్టుకుని స్ట్రాలోంచి స్తంభం కొసని చూడాలి. పక్కనున్నవాళ్ళు దారం ఏ అంకె మీద నిలిచిందో చదవాలి.

కొలవడానికి ముందే ఎవరి అంచనా వాళ్ళు కాగితం మీద రాసి నాకిమ్మన్నాను. ఇది మాత్రం మానకండి. అంచనా రాసిన పిల్లవాడికి జవాబు తెలుసుకోవాలన్న తహతహ ఉంటుంది.

స్తంభానికి 30 అడుగుల దూరంలో నిలబడ్డారు. దారం 50 మీద నిలిచింది. ఒక జట్టు టాన్ 50 తీసుకుని, కంటి ఎత్తు 5 అడుగులు కలిపి 41 అడుగులంది. స్ట్రా నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు దారం 90 మీద ఉంటుంది కాబట్టి, అసలు ఊర్ధ్వకోణం 90లోంచి 50 తీసేస్తే వచ్చే 40 అని రెండో జట్టు వాదన. వాళ్ళకి 25 వచ్చింది, కానీ కంటి ఎత్తు మర్చిపోయారు. మూడో జట్టు 30 అంది. తగువు మొదలైంది. అందరూ నా వైపు చూశారు. నేను నోరు మెదపలేదు. నా జీవితంలో ఇంత కష్టపడి మౌనంగా ఉన్నది తక్కువ!

అప్పుడు మా అమ్మాయి స్ట్రాలోంచి చూస్తూనే నెమ్మదిగా స్తంభం వైపు నడిచింది. దారం సరిగ్గా 45 మీదికి రాగానే ఆగి, "ఇక్కడ టాన్ 1. అంటే పైకెంతో, దూరమూ అంతే. టేపు తీసుకురండి" అంది. కొలిస్తే 25 అడుగులు. కంటి ఎత్తు కలిపితే 30. కాలిక్యులేటర్ అక్కర్లేకుండానే తగువు తీరింది. 0.839 అంటే, ఆ చోట నిలబడితే ప్రతి అడుగు దూరానికీ 0.839 అడుగుల ఎత్తు అని కారులో తనే నాకు వివరంగా చెప్పింది.

తర్వాత చేసినవన్నీ ఇంత బాగా కుదరలేదు. ప్రతిసారీ సగమవుతూ పోయే లెక్క కోసం రంగు చాక్లెట్ బిళ్ళలు తెస్తే, లెక్క పూర్తయ్యేలోపే సరుకు పూర్తయింది. చేతికి పని ఉంటే చాలు, పాఠం దానంతటదే వస్తుందనుకోవడం నా పొరపాటు. రెండోసారి వంద పెన్నీలు డబ్బాలో కుదిపి, బొమ్మ పడ్డవి తీసేసి, మిగిలినవి ప్రతిసారీ గ్రాఫు మీద గుర్తుపెట్టించాను. (2025లో వాటి ముద్రణ ఆపేశారు కాబట్టి ఇంట్లో సీసాల్లో పడున్న వాటికి ఇదొక సద్వినియోగం.) ఎప్పుడూ కచ్చితంగా సగం రాదు, అయినా గీత వంపు మాత్రం ప్రతి జట్టుకీ దాదాపు ఒకటే వచ్చింది. అదెలా అన్న ప్రశ్న మీదే గంట గడిచింది.

పెద్ద పిల్లలకైతే మరమరాలు! 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవున్న మామూలు ప్రింటర్ కాగితానికి నాలుగు మూలలా సమానమైన చతురస్రాలు కత్తిరించి, అంచులు మడిస్తే మూత లేని పెట్టె అవుతుంది. కాగితం ఒకటే కాబట్టి అన్నిట్లోనూ ఒకటే పడతాయని చాలామంది రాశారు. పోసి చూస్తే అంగుళం కత్తిరించిన పెట్టెలో 58.5 ఘనపుటంగుళాలు, ఒకటిన్నర అంగుళాలైతే 66, రెండైతే 63, మూడైతే 37.5. మరి ఎక్కడ కత్తిరిస్తే అన్నిటికన్నా ఎక్కువ? ఆ ప్రశ్న వాళ్ళ నోట వచ్చాకే కాల్క్యులస్ తీశాను. దాదాపు 1.59 అంగుళాలని తేలింది. మిగిలిన మరమరాలతో మా ఆవిడ ముంత మసాలా చేసింది.

గ్రేడు సంగతి అడుగుతారని తెలుసు. ఆ సెమిస్టరులో మా అమ్మాయికి బి వచ్చింది. అంతకు ముందూ బి యే. అయితే పుస్తకం మూసేసి వెళ్ళిపోవడం మానేసింది. అర్థం కానప్పుడు "బొమ్మ గియ్యి నాన్నా" అంటోంది. ఒక్కోసారి బొమ్మ గియ్యడం నాకే రావడం లేదు.

మీ ఊళ్ళో చేయదలిస్తే జెండా స్తంభంతోనే మొదలుపెట్టండి. వంద అడుగుల టేపు ఒకటి ఎరువు తెచ్చుకోండి, ఇంట్లో ఉండే చిన్న టేపు సరిపోదు. సూర్యుడు మీ వీపు వెనక ఉండే వేళ చూసుకోండి. స్ట్రాలోంచి సూర్యుడి వైపు చూడకూడదని పిల్లలకి ముందే గట్టిగా చెప్పండి.