పడిగె దగ్గర మొదలయ్యే చదువు

వస్త్రకళ చదవాలనుకునే పిల్లలు రాతపరీక్ష గట్టెక్కాక అసలు పరీక్ష ఎదుర్కొంటారు. ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో దాన్ని సిచ్యుయేషన్ టెస్ట్ అంటారు, డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో స్టూడియో టెస్ట్. చేతికి నాలుగు రకాల ముడిసరుకు ఇచ్చి, ఒక సందర్భం చెప్పి, గడియారం చూస్తూ ఏదో ఒకటి తయారు చేయమంటారు. చేతులు ఆలోచించగలవా అన్నదే అక్కడ చూస్తారు. నగరాల్లో దీనికోసం ప్రత్యేకంగా కోచింగ్ ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దమ్మపేట మండలంలో, అడవి లోపలి పూసుకుంటలాంటి కొండరెడ్ల గూడెంలో, వెదురు చీల్చే ఇంట్లో పెరిగిన బిడ్డకు మాత్రం ఆ పరీక్ష అడిగేది కొత్త విషయం కాదు.

కానీ ఆ బిడ్డ అక్కడిదాకా వెళ్లడం లేదు. వెళ్లిన ఒకరిద్దరు కూడా పోర్ట్‌ఫోలియోలో ఇంటి దగ్గరి వస్తువు ఒక్కటీ పెట్టరు. ఎవరో చెప్పిన గౌను బొమ్మలు, ఇంటర్‌నెట్‌లో దొరికిన పూల డిజైన్లు పెడతారు. ఇంట్లో ఉన్నది కళ అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఈ కథనం రాయడానికి కారణం అదే.

దమ్మపేట అనగానే ఇప్పుడు అందరికీ పామాయిల్ గుర్తొస్తుంది. అశ్వారావుపేట నుంచి ఇటు చూస్తే రోడ్డుకు రెండు పక్కలా ఆ తోటలే. అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు మోసే ట్రాక్టర్లు కనిపిస్తాయి. తోటలు ఆగినచోట అడవి మొదలవుతుంది. కోయలు, కొండరెడ్లు, లంబాడాలు, మైదానం నుంచి వచ్చి స్థిరపడిన రైతులు, అందరూ ఈ అంచు మీదే ఉన్నారు. ఇన్ని రకాల చేతులు ఒకేచోట ఉన్న మండలాలు రాష్ట్రంలో తక్కువ. లంబాడా పెద్దమ్మ రవికె మీది అద్దాల కుట్టు, కోయల కొమ్ము నృత్యంలో తలపాగాకు కట్టే నెమలీకలు, కొండరెడ్ల తట్టాబుట్టా, వీటన్నింటినీ ఒక విద్యార్థిని సైకిల్ మీద తిరుగుతూ చూడొచ్చు.

వెదురులో పడుగూ పేకా

నేత పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే, మగ్గం కంటే ముందు చాట దగ్గర అంటాను. నూలు బట్టలో పోగులు కంటికి ఆనవు. వెదురు బద్దల్లో అంతా కనిపిస్తుంది. పచ్చి వెదురును కణుపుల దగ్గర చెక్కి, నిలువుగా చీల్చి, పైబెరడు బద్దను లోపలి మెత్తటి బద్ద నుంచి కత్తితో విడదీస్తారు. పైబద్ద గట్టిది, నిగనిగలాడుతుంది, నీళ్లకు తట్టుకుంటుంది. లోపలిది త్వరగా నల్లబడుతుంది. తడికకు ఒక బద్ద పైనుంచి, ఒక బద్ద కిందనుంచి పోనిస్తే చాలు. మగ్గం మీద సాదా నేత అదే. చాట అల్లేటప్పుడు రెండు పైన, రెండు కింద పోనిచ్చి, ప్రతి వరుసకూ ఒక బద్ద పక్కకు జరుపుతారు. దాంతో ఏటవాలు గీతలు పుడతాయి. జీన్స్ ప్యాంటు గుడ్డ మీద కనిపించే ఏటవాలు గీతల రహస్యం కూడా ఈ జరపడమే. డిజైన్ కళాశాలలో ట్విల్ అని గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపిస్తూ నేర్పేది దీన్నే. చాట ఎలా అల్లారో ఒకసారి వేలితో తడిమి చూసుకున్న పిల్లకు ఆ గ్రాఫ్ చదవడం చిటికెలో వస్తుంది.

కొండరెడ్ల జీవనం మీద క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ దగ్గర భద్రంగా ఉన్నాయి. గోదావరి కొండల్లోని మనుషులు, ఇళ్లు, పనిముట్లు చూడాలంటే పరిశోధకులు లండన్ సేకరణను వెతుక్కుంటారు. ఆ చేతిపని వారసులు మాత్రం ఇంకా ఇక్కడే, సంతకు తట్టలు మోసుకొస్తూ ఉన్నారు. విద్యార్థిని ముందు చూడాల్సింది వీళ్లని.

బట్ట మీద వంశం

ఇక పడిగె. తెలంగాణ వస్త్రకళ గురించి మాట్లాడేవాళ్లు పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చెప్పి ఆగిపోతారు. పడిగె పేరు ఎత్తరు. అది అమ్మే వస్తువు కాదు, కట్టుకునే బట్ట అంతకంటే కాదు. త్రికోణంగా ఉండే పొడవైన గుడ్డ మీద కోయల ఒక గట్టుకు చెందిన వేల్పులు, మూలపురుషులు బొమ్మలుగా ఉంటారు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ కోయల ఇంటిపేర్లన్నీ గట్ల కింద చేరతాయి. డోలి కోయలు ఆ పడిగె ముందు నిలబడి, డోలు మోగిస్తూ ఆ గట్టు కథ పాడతారు. ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఎవరితో పోరాడారు, ఎవరికి ఎవరితో పెళ్లి కుదురుతుంది, ఎవరితో కుదరదు, అన్నీ ఆ పాటలో ఉంటాయి. అంటే ఆ గుడ్డ ఒక వంశ చరిత్ర. రాత లేని భాషకు అదే గ్రంథం.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ కథల్ని కోయభాషలోనూ తెలుగులోనూ పాడగలిగినవాడు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గడికామరాజు కథలు ఆయన నోట పలికాయి. కంచుమేళం, కంచుతాళం కళాకారుడిగా 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఆయన పాడిన సమ్మక్క కథను వెలుగులోకి తేవడంలో, పడిగెల్ని కళాప్రపంచం కళ్లముందు పెట్టడంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు చేసిన పని పెద్దది. ఊరూరూ తిరిగి సేకరించిన ఆదివాసీ, జానపద వస్తువులతో ‘ఆద్యకళ’ పేరుతో ఆయన ప్రదర్శనలు పెట్టారు.

వస్త్రకళ విద్యార్థినికి పడిగె నేర్పే పాఠం బొమ్మల వరస. కథలో ముందేది, వెనకేది, ఎవరు పెద్దగా కనిపించాలి, ఎవరు పక్కన నిలబడాలి అన్నది గుడ్డ ఆకారమే తేలుస్తుంది. నలుచదరపు కాన్వాసుకు అలవాటుపడ్డ కళ్లకు త్రికోణంలో కథ చెప్పడం పెద్ద సవాలు. అంచు సన్నబడేకొద్దీ చోటు తగ్గుతుంది, చిత్రకారుడు నిర్ణయాలు తీసుకోక తప్పదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పడిగె మీది వేల్పుల్ని దిండుగలీబు మీద అచ్చేయకూడదు. కుర్తా అంచుకు దించకూడదు. అది ఒక ఇంటి దైవం. మూడో గట్టువాళ్ల పడిగె మూడో గట్టువాళ్లది. అనుమతి అడిగి, కూర్చుని విని, ఆ పద్ధతిని నేర్చుకుని, తన సొంత ఇంటి కథను తన సొంత గుడ్డ మీద చెప్పుకుంటే అది ప్రాజెక్టు అవుతుంది. ఆ బొమ్మను ఫోన్లో ఫొటో తీసి, ఇంటికెళ్లి కాపీ కొడితే దొంగతనం అవుతుంది. గిరిజన మోటిఫ్‌లు అనే పేరుతో మార్కెట్లో జరుగుతున్నది చాలావరకు రెండోదే, అది చూస్తుంటే కడుపు మండుతుంది.

కరక్కాయ వెంట కాళహస్తి దాకా

నేర్చుకోవడానికి చేసే ప్రయాణాల విషయానికొస్తే, దమ్మపేట పిల్లకు దారి చూపించేది కరక్కాయ. ఇప్పపువ్వు, తపసి బంకలాగే కరక్కాయనూ గిరిజనులు ఏరుకొచ్చి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ఇంట్లో దగ్గుకు బుగ్గన పెట్టుకునే కాయ అది. అదే కాయ లేకపోతే కలంకారీ లేదు.

శ్రీకాళహస్తిలో పని ఇలా జరుగుతుంది. గంజి పోగొట్టిన నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కాయలోని వగరు గుడ్డకు పడుతుంది, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. ఇక కలం అంటారా, చివర చెక్కిన వెదురు పుల్ల. దానికి కొంచెం పైన ఉన్నో గుడ్డో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టను కసిమిలో ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తే రంగు ములుకు దాకా దిగుతుంది. కసిమి అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో రోజుల తరబడి పులిస్తే వచ్చే ద్రవం. కుండలో అది నల్లగా ఉండదు. గుడ్డను తాకిన క్షణం నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయ వగరు కలిసి అక్కడికక్కడే నలుపు పుడుతుంది. గీత వెంట ఆ నలుపు కలం వెనకాలే నడిచి రావడం కళ్లతో చూడాల్సిందే.

ఎరుపు కావాలంటే పటిక రాస్తారు. తర్వాత సురుడు చెక్క, మంజిష్ఠలాంటివి వేసి ఉడకబెడితే పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది. మధ్యమధ్యలో పారే నీటిలో ఉతకాలి. నిలవ నీటిలో ఉతికితే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది. అందుకే ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది. అటు పెడనలో టేకు అచ్చులతో చేసే మచిలీపట్నం కలంకారీకి కూడా కాలువ నీళ్లే ఆధారం.

ఈ కళ దాదాపు పోయేదే. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు, అప్పటికి మిగిలిన పనివాళ్లే గురువులయ్యారు. ఆ తరం నుంచి వచ్చిన జొన్నలగడ్డ గురప్ప శెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక్క శిక్షణ కేంద్రం, కొద్దిమంది పెద్దలు, కొన్నేళ్ల ఓపిక ఉంటే ఒక కళ నిలబడుతుందని కాళహస్తి చూపించింది. నాకు తెలిసి పడిగెకు అలాంటి కేంద్రం లేదు.

మన అడవిలోనే రంగులకు కొదవ లేదు. మోదుగ పువ్వు ఉడికిస్తే పసుపు, నారింజ ఛాయలు వస్తాయి. హోలీకి పిల్లలు చేసేదే. మద్ది బెరడు గోధుమరంగు ఇస్తుంది. నల్లమద్దిలాంటి చెట్ల ఆకుల మీద దసలి పట్టుపురుగు బతుకుతుంది. గోదావరి వెంట పైకి పోతే మహదేవపూర్, చెన్నూరు వైపు ఆ పురుగుల పెంపకం ఉంది. ఆంధ్రా లోకల్ అనే రకం మన అడవులదే. దాని గూటికి కాడ ఉంటుంది, ఆ కాడతోనే అది కొమ్మను పట్టుకుని వేలాడుతుంది. పట్టుచీర అంటే మల్బరీ ఒక్కటే అనుకునేవాళ్లు దసలి గూడును ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడాలి.

చేర్యాల వెళ్తే పడిగెకు మరో బంధువు దొరుకుతాడు. అక్కడి నకాషీలు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పూసిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంలో కులపురాణాలు గీస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకళ్లకు మడేలు పురాణం, ఇలా ఎవరి పటం వారిదే. చేర్యాల పటం ఇప్పుడు మాస్కులు, కీచైన్ల దాకా వచ్చింది. బతుకుతెరువుకు అది కావాలి, తప్పు పట్టను. అయితే కథ చెప్పే పటాల గిరాకీ తగ్గడం వేరే విషయం, దానికి బాధపడాలి.

పుట్టపాకలో తేలియా నేత చూడాలి. నూలును నూనెలో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీటిలో పదేపదే నానబెడతారు. అందుకే ఎరుపు గట్టిగా పడుతుంది, గుడ్డకు నూనె వాసన ఉంటుంది. తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం, చీర నేతకు ముందు నూలు ఆసు పోస్తూ రోజంతా చేయి ఆడించే తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. ఒక చీరకు చేయి అటూఇటూ తొమ్మిది వేల సార్లు తిరగాలి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. డిజైన్ అంటే బొమ్మ గీయడమే అనుకునే విద్యార్థులకు నేను మొదట చెప్పేది ఈ యంత్రం గురించే. ఇక వీలైతే పొందూరు. దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వే ఆడవాళ్లను చూడటానికే శ్రీకాకుళం దాకా వెళ్లొచ్చు.

గురువులు ఎవరు

జర్మనీలో బౌహౌస్ అనే కళాశాలలో 1922లో చేరిన ఆన్నీ ఆల్బర్స్‌కు నేత మీద ఇష్టం లేదు. ఆడపిల్లలకు మిగతా విభాగాల తలుపులు అంతగా తెరుచుకునేవి కావు గనక నేతకు వెళ్లింది. 1949లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో సొంత ప్రదర్శన దక్కిన మొదటి వస్త్రకళాకారిణి ఆమే. మెక్సికో, పెరూ తిరిగి పాత నేతల్ని చదివింది. 1965లో రాసిన నేత పుస్తకాన్ని పెరూ ప్రాచీన నేతగాళ్లకు, తన గురువులని చెప్పి అంకితమిచ్చింది. ప్రొఫెసర్లకు ఇవ్వలేదు. పేరు తెలియని ఆ నేతగాళ్లకు ఇచ్చింది. మన కళాశాలల్లో గిరిజన పనివాళ్లను ఇన్‌ఫార్మంట్లు అంటారు, సమాచారం ఇచ్చేవాళ్లని. ఆ పిలుపు మారాలి.

చదువుకునే చోట్ల సంగతి క్లుప్తంగా. హైదరాబాద్ నిఫ్ట్ 1995 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ 2015లో మొదలైంది, అక్కడ వస్త్ర విభాగం ఉంది. చేనేత సాంకేతిక విద్య కోసం మన పిల్లలు వెంకటగిరి, సేలం, ఒడిశాలోని బర్గఢ్ వెళ్లేవారు. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట చేనేత సాంకేతిక సంస్థ ఐఐహెచ్‌టీ మొదలయ్యాక ఆ దూరం తగ్గింది. నిఫ్ట్‌లో క్రాఫ్ట్ క్లస్టర్ అని ఒక పాఠం ఉంది, విద్యార్థులు చేతిపనుల ఊళ్లకు వెళ్లి ఉండి రాయాలి. దమ్మపేట ఆ జాబితాలోకి రావాలి. వచ్చేదాకా ఇక్కడి పిల్లలే తమ ఊరిని ఆ పాఠంగా తీసుకోవచ్చు.

ఏం చేయొచ్చో రెండు మాటలు. పండ్లు తీసేశాక మిగిలే పామాయిల్ ఖాళీ గెలల్లో బిరుసైన పీచు ఉంటుంది. దాన్ని పేని తాడు చేసి, అడ్డతీగ నారతో కలిపి నేస్తే ఈ మండలం కథ ఒక్క ముక్కలో దొరుకుతుంది, తోట పోగూ అడవి పోగూ పక్కపక్కన. భద్రాచలం ఐటీడీఏ మ్యూజియంలో, మేడారం మ్యూజియంలో ఉన్న వస్తువుల్ని కొలతలతో గీసుకోవచ్చు. బూర్గంపాడులో కొన్నాళ్లు వడికిన మల్ఖా నూలు కథను రాసుకోవచ్చు. పత్తిని బేళ్లుగా నొక్కకుండా, పండిన చోటే నూలు చేయాలన్న ఉజ్రమ్మ ఆలోచన అది. పత్తి పండించే ఖమ్మం నేలకు అంతకంటే దగ్గరి ఆలోచన ఇంకొకటి నాకు కనిపించలేదు.

ప్రాజెక్టు పూర్తయ్యాక పత్రం ఇంగ్లిష్‌లో కళాశాలకు ఇస్తారు. దాని తెలుగు ప్రతి ఒకటి గూడెంలో ఇవ్వాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల అనుమతితో వాళ్ల పేరు, ఊరు, గట్టు మొదటి పేజీలోనే రాయాలి. ప్రదర్శనలో గోడకు అంటించే చీటీ మీద విద్యార్థిని పేరు కంటే పైన ఆ పేరు ఉండాలి. బట్ట అమ్ముడుపోతే అందులో వాటా ఎంతో ముందే మాట్లాడుకోవాలి.